బొటనవేలూ, బావమరిదీ, నాలుగు చక్రాలూ

తెలుగువాడికి బండి అంటే మణికట్టు. లూనా అయినా, చేతక్ అయినా, రెండు బస్తాల యూరియా వేసుకుని కాలవగట్టు మీద పోయే టీవీఎస్ ఫిఫ్టీ అయినా, కుడిచెయ్యి వెనక్కి తిప్పితేనే రేజ్. అందులో ఓ దర్జా ఉంది. బస్టాండు సెంటర్లో ఆగి ఉన్న బండిని ఊరికే రెండుసార్లు డుర్రుమనిపిస్తే చాలు, కిళ్ళీకొట్టు దగ్గర నలుగురు ఇటు చూసేవారు. అలాంటి గడ్డ మీద పుట్టినవాణ్ణి, అమెరికాలో యూటా రాష్ట్రానికి వచ్చిపడి, నడివయసులో బొటనవేలితో బండి నడుపుతానని నా జాతకంలో ఏ సిద్ధాంతీ రాయలేదు.

దీనికి కారకుడు మా బావమరిది. సాల్ట్ లేక్ సిటీలో ఉంటాడు. శనివారం ఖాళీగా కనిపిస్తే వాడికి ఒళ్ళు దురద. ఎక్కణ్ణుంచో రెండు పాత ఏటీవీలు కొనుక్కొచ్చి, "బావా, ఇందులో ఒకటి నీదే" అన్నాడు. పెళ్ళిలో అలకపాన్పు ఎక్కినప్పుడు అడగడం మరిచిపోయిన స్కూటరు ఇన్నేళ్ళకి నాలుగు చక్రాలతో వచ్చిందనుకున్నాను.

ఏటీవీ అంటే మన రిసార్టుల్లో మట్టి ట్రాకు మీద రెండు చుట్లు తిప్పి డబ్బులు పుచ్చుకునే ఆ బండే. లావుపాటి టైర్లు, కాళ్ళు చెరోపక్క వేసి కూర్చునే సీటు, స్టీరింగ్ బదులు హ్యాండిల్. 1970లో హోండా దీన్ని మూడు చక్రాలతో అమెరికాలో అమ్మడం మొదలుపెట్టింది. మరుసటేడే 'డైమండ్స్ ఆర్ ఫరెవర్' సినిమాలో జేమ్స్ బాండ్ దాన్నెక్కి ఎడారిలో పారిపోయాడు. బాండ్ కాబట్టి పడలేదు. మామూలు జనం బండితో సహా తిరగబడ్డారు. 1982లో సుజుకి నాలుగో చక్రం తగిలించింది. 1988లో ప్రభుత్వమూ కంపెనీలూ కోర్టులో ఒప్పందానికొచ్చి, కొత్త మూడు చక్రాల బండ్లు అమ్మడం ఆపేశారు. ఇన్ని మార్పులు జరిగినా, కుడి గ్రిప్పు పక్కన బొటనవేలితో నొక్కే చిన్న లివర్ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. నా కష్టమంతా ఆ లివరే.

అది అక్కడ ఎందుకుందో మొదట నాకు అర్థం కాలేదు. చక్కగా తిప్పుడు ఎక్సలేటర్ పెట్టొచ్చు కదా! కొండదారిలో ఒక గంట నడిపాక తెలిసింది. మోటార్‌సైకిల్ మీద మలుపు వస్తే ఒళ్ళు వాలిస్తే చాలు. ఏటీవీ వాలదు. హ్యాండిల్‌ని రెండు చేతులా లాగి, తోసి తిప్పాలి. రాయెక్కి దిగినప్పుడల్లా ఒళ్ళు వెనక్కి పోతుంది, చేతులు హ్యాండిల్‌ని పట్టుకు వేలాడతాయి. అక్కడ మన తిప్పుడు ఎక్సలేటర్ ఉందనుకోండి, ఆ లాగుడికి అది ఇంకాస్త తిరుగుతుంది, బండి ముందుకు దూకుతుంది, మనం ఇంకా వెనక్కి పోతాం, ఇంకా తిప్పేస్తాం. ఈ వరస ఏ పైన్ చెట్టు దగ్గరో ఆగుతుంది. లివర్ అయితే, పట్టుకోవడం నాలుగు వేళ్ళ పని, రేజ్ ఇవ్వడం ఒక్క వేలి పని. పట్టు బిగించినంత మాత్రాన బండి రెచ్చిపోదు.

ఇంత తెలివిగా ఆలోచించిన ఆ ఇంజనీరు ఒక్క సంగతి వదిలేశాడు: రాత్రికి అన్నం ఎలా తినాలి?

యూటా నడిమధ్యన, ఫిష్‌లేక్ అడవుల్లో పయూట్ ట్రయిల్ అని ఒకటుంది. కొండల్ని చుట్టుకుంటూ రెండు వందల మైళ్ళు దాటిన వలయం. కొన్నిచోట్ల పదివేల అడుగుల పైకి ఎక్కిస్తుంది. మేరీస్‌వేల్ అనే చిన్న ఊళ్ళో ఏటీవీలు పెట్రోలు బంకు దాకా వీధిలోనే పోతుంటాయి. అందమైన చోటు, ఒప్పుకోవాలి. కానీ దారి పొడుగునా వేగం తక్కువ. లివర్‌ని పూర్తిగా నొక్కడానికి లేదు, పూర్తిగా వదలడానికీ లేదు. సగంలో పట్టుకుని గంటలు గంటలు కూర్చోవాలి. కారులో ఆ పనికి తొడ దగ్గర్నుంచి కాలు మొత్తం ఉంది; పైగా మడమ నేలకి ఆన్చుకునే సుఖం. ఇక్కడ ఉన్నదల్లా అరచేతిలో బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా కనిపించే చిటికెడు కండ. అది బిగుస్తూ సడలుతూ ఉంటే రక్తం ఆడుతుంది. బిగిసే ఉంటే ఆడదు, మంట మొదలవుతుంది. బొటనవేలి కొసని చూపుడువేలికి ఆన్చి కిలో బలంతో నొక్కితే, మణికట్టు దగ్గర దాని మొదటి కీలు మీద దాదాపు పన్నెండు కిలోలు పడుతుందని 1970ల్లోనే లెక్కగట్టారు. వడ్డీ వ్యాపారులు కూడా ఇంత వసూలు చేయరు.

ఆ రాత్రి పప్పన్నం ముందు కూర్చున్నాను. కలపడానికి నాలుగు వేళ్ళు చాలు. ముద్దని నోట్లోకి నెట్టేది మాత్రం బొటనవేలే. ఇన్నేళ్ళ భోజనాల్లో ఎన్నడూ దాని ఊసు నాకు పట్టలేదు. ముద్ద పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. మా ఆవిడ చూసి, "ఏవండీ, చెంచా ఇవ్వనా?" అంది. ఆ గొంతులో జాలి ఉందని కోర్టులో రుజువు చేయడం కష్టం. ఆవకాయ అన్నం చెంచాతో తినే గతి పగవాడికి కూడా వద్దు.

మా పెదనాన్నగారి అమ్మాయి ఫీనిక్స్‌లో డాక్టరు. వీడియో కాల్లో చూపించాను. "ఒరేయ్, బొటనవేలు లోపల పెట్టి గుప్పిట మూసి, చేతిని చిటికెనవేలి వైపుకి వంచు" అంది. వంచాను. "అరవవేం?" అంది. అరిస్తే అది 1895లో డికెర్వాన్ అనే స్విట్జర్లాండ్ సర్జన్ వివరించిన జబ్బట: బొటనవేలి స్నాయువుల తొడుగు వాస్తుంది. నేను అరవలేదు కాబట్టి, "నీకు జబ్బేమీ లేదురా, వేలు అలిసింది, అంతే" అని తేల్చేసింది. అంత బాధకి ఒక పేరైనా పెట్టకపోవడం నాకు చిన్నతనంగా అనిపించింది.

మా అమ్మకి పేర్లతో పనిలేదు. "అమృతాంజనం రాసుకోరా నాన్నా" అంది. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో మొదలుపెట్టిన ఆ పసుపుపచ్చ లేపనం మీద ఆవిడకున్న నమ్మకం ఎమ్మారై స్కాన్ మీద లేదు. పంతులుగారు తర్వాత ఆంధ్రపత్రిక కూడా స్థాపించారు కనక, తలనొప్పికి అటూ ఇటూ ఉన్న సంగతులు రెండూ ఎరిగిన మనిషి. మళ్ళీ ట్రయిల్ మీదికి వెళ్ళినప్పుడు, మందు రాసుకుని పైన గ్లవ్ తొడుక్కుంటే ఎలా ఉంటుందో మా బావమరిది ముందుగా చేసి చూపించాడు. దుమ్ము పడిందని గ్లవ్ తీసి, అదే వేలితో కన్ను తుడుచుకున్నాడు. ఆ పూట మిగతా దారంతా మా ఇద్దరిలో చూపున్నది నాకే.

ఇక గ్యారేజీలో సభ తీరింది. నేను చదివింది మెకానికల్, బతికింది జావా. బావమరిది సివిల్, చేసేది టెస్టింగ్. వాడి స్నేహితుడు కెమికల్, ఏం చేస్తాడో అతనికే స్పష్టత లేదు. ముగ్గురం లివర్ చుట్టూ నిలబడి, దేశం పన్నుల విధానం దగ్గర్నుంచి మొదలుపెట్టి మెల్లగా స్ప్రింగు దగ్గరికి వచ్చాం.

"బావా, లివర్ డబ్బాలో ఒక స్ప్రింగు, ఇంజిన్ దగ్గర కార్బురేటర్ మీద ఇంకోటి. రెండెందుకు దండగ? పైది పీకేస్తే సగం బరువు తగ్గుతుంది" అన్నాడు. నిజంగానే చాలామంది చేసే పనే ఇది, వేలికి వెంటనే హాయి తెలుస్తుంది. నేను ఒప్పుకోలేదు. ఆ రెండు స్ప్రింగులూ బ్యాంకు లోనుకి ఇద్దరు జామీనుదార్లు: ఒకడు ఊరొదిలిపోయినా రెండోవాడి దగ్గర వసూలు చేసుకోవచ్చు. మట్టి పట్టో, కేబుల్ పోగులు విడిపోయో లివర్ ఇరుక్కున్న రోజున, కొండ అంచున, ఆ రెండోవాడు ఉన్నాడా లేడా అన్నదే ప్రశ్న.

స్నేహితుడిది ఇంకా సులువైన ఆలోచన. లివర్‌ని కావలసినచోట నొక్కి, వెల్‌క్రో పట్టీతో కట్టేయడం! అమెరికా ప్రమాణాల ప్రకారం ఏటీవీ ఎక్సలేటర్ కుడి హ్యాండిల్ మీద ఉండాలి, చెయ్యి వదలగానే తనంతట తను మూసుకుపోవాలి. పట్టీ కట్టామంటే, మనిషి పడిపోయినా బండి మాత్రం ఇంటికి వెళ్ళిపోతుంది. తిప్పుడు ఎక్సలేటర్ కిట్లు కూడా దొరుకుతాయి. చూడగానే చేతక్ గుర్తొచ్చి గుండె కాస్త కొట్టుకుంది గానీ, పైన్ చెట్టు సంగతి కూడా గుర్తొచ్చింది.

చివరికి బొటనవేలిని కాపాడినవి ఏ హంగూ లేని మూడు పనులు.

మొదటిది కేబుల్. యూటా ఎర్రదుమ్ము దేన్నీ వదలదు. కేబుల్ ఊడదీసి చూస్తే, లోపలి తీగ గొట్టంలో గరగరలాడుతోంది. అంటే ఇన్నాళ్ళూ నా వేలు నొక్కింది ఎక్సలేటర్‌ని కాదు, దుమ్ముని. శుభ్రం చేసి, కేబుళ్ళకి వేసే నూనె పై కొస నుంచి కింది కొసలో కారేదాకా పోశాం. లోపల నైలాన్ పూత ఉన్న కేబుళ్ళకి ఏ నూనె పడితే అది పోయకూడదు, బండి పుస్తకం చూసుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు కేబుల్ ఎక్కడా మడత పడకుండా, హ్యాండిల్‌తో పాటు వంగేలా దారి మార్చాం. లివర్ కొస దగ్గర కాస్త వదులు ఉంచాలి. హోండా బండ్ల పుస్తకాల్లో 3 నుంచి 8 మిల్లీమీటర్లని రాసి ఉంటుంది. ఈ ఒక్క పనితోనే నొప్పి సగం పోయింది. ఖర్చు నూనె సీసా.

రెండోది కోణం. లివర్ డబ్బాని హ్యాండిల్‌కి పట్టి ఉంచేవి రెండే బోల్టులు. వాటిని వదులు చేసి, మణికట్టు వంగకుండా ముంజేతికి తిన్నగా ఉండేలా డబ్బాని కాస్త తిప్పి మళ్ళీ బిగించాం. కూర్చుని నడిపేవాడికి ఒక కోణం, నిలబడి నడిపేవాడికి ఇంకో కోణం నప్పుతుంది. అయిదు నిమిషాల పని. దీనికి నాలుగేళ్ళ బీటెక్ అక్కర్లేదని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మూడోది పొడవు. ఇక్కడ మాత్రం నా చదువు పనికొచ్చింది, జీవితంలో మొదటిసారి. కీలు నుంచి వేలు ఆనేచోటికి దూరం అయిదు సెంటీమీటర్లు ఉంటే, దాన్ని ఏడున్నర చేయండి. కావలసిన బలం మూడింట రెండు వంతులకి పడిపోతుంది. బదులుగా వేలు ఒకటిన్నర రెట్లు దూరం కదలాలి. ప్రకృతి ఊరికే తగ్గింపు ఇవ్వదు. మొదట పీవీసీ గొట్టం ముక్కని వేడిచేసి చదును చేసి లివర్‌కి తొడిగాం. తర్వాత దాని స్థానంలో అల్యూమినియం పట్టీ వచ్చింది, అంచులు గుండ్రంగా ఆకురాయితో అరగదీసి, వేలి వంపుకి తగ్గట్టు వంచి. దీనితో అసలు లాభం వేరే ఉంది: బొటనవేలు అలిసినప్పుడు అరచేతి అంచుతోనూ నొక్కొచ్చు. చెయ్యి మార్చుకోకుండానే డ్యూటీ మారుతుంది. ఫుల్ రేజ్ మాత్రం నా వేలికి అందదు. మా ఆవిడ దాన్ని లోపం అనదు.

ఆవిడ అనేవి వేరే ఉన్నాయి. అల్యూమినియం పట్టీ చూసిన వెంటనే వంటింట్లోకి వెళ్ళి గరిటెలు లెక్కపెట్టుకుంది. అన్నీ ఉన్నాయి. తెరిపినపడి, "మెకానికల్ ఇంజనీరుగారూ, ఆ నూనె సీసా, ఆ పానా ఇలా వంటింట్లోకి కూడా ఓసారి తీసుకొస్తే, ఆ కుళాయి కూడా సంతోషిస్తుంది" అంది. కుళాయి కారుతున్న మాట నిజమే. కానీ అది కారుతున్నంత కాలం ఎవరి బొటనవేలూ నొప్పి పుట్టదు కదా.

ఈ మధ్య ముద్ద లోపలికే వెళ్తోంది. చెంచా డ్రాయర్లోకి తిరిగి చేరింది. అయినా, గంటకోసారి బండి ఆపి, చేతులు దులిపి, అయిదు వేళ్ళూ బాగా చాపడం మానలేదు. ఏ అల్యూమినియం పట్టీ కూడా దానికి సాటిరాదని మా డాక్టరక్క చెప్పింది, ఫీజు తీసుకోకుండా.

మీకూ ఇలాంటి బండి ఉంటే వరస తప్పకండి: ముందు కేబుల్, తర్వాత కోణం, ఆఖరున పొడవు. స్ప్రింగు జోలికి వద్దు. పట్టీ పొడిగిస్తే అది బ్రేకు లివర్‌కీ, పెట్రోలు ట్యాంకుకీ తగలకుండా చూసుకోండి. ఏం చేసినా, ఎక్కబోయే ముందు ఇంజిన్ ఆపి, హ్యాండిల్‌ని ఎడమ చివరికీ కుడి చివరికీ తిప్పి, రెండుచోట్లా లివర్ నొక్కి వదలండి. టక్కున వెనక్కి వచ్చిందా, బయల్దేరండి. ఆలోచించుకుంటూ వస్తోందా, ఆ శనివారం ఇంట్లో ఉండి కుళాయి బాగుచేసుకోండి.