మిద్దె మీది టెలిస్కోప్ శాస్త్రం: విడపనకల్లు భాష్యం

ఏ శాస్త్రానికైనా ముందు అధికారి ఎవరో తేల్చాలి. ఇంట్లో టెలిస్కోప్ పెట్టుకుని చుక్కలు చూసే విద్యకు అధికారి సొంత మిద్దె ఉన్నవాడు, నిద్ర పట్టనివాడు, అన్నిటికీ మించి పొలంలో శెనక్కాయ పంట లేనివాడు. ఈ మూడో లక్షణం అనంతపురం జిల్లా విడపనకల్లు సంప్రదాయానిదే. 1840లో విశాఖ డాబా గార్డెన్స్‌లో సొంత వేధశాల పెట్టుకున్న గోడే వెంకట జగ్గారావుకు మబ్బు పడితే పోయేది ఒక గ్రహమే. ఇక్కడ రైతుకు వాన కావాలి. పక్క వజ్రకరూరులో తొలకరికి వజ్రాలు వెతికేవాళ్ళకూ వానే కావాలి. వద్దనేవాడు టెలిస్కోప్ వాడొక్కడే. కాబట్టి అతడు తన కోరిక పైకి అనరాదు.

రాత్రులు నాలుగు విధాలు. మబ్బులేని రాత్రి చూసేవాడికి పండగ, ఊరికి దిగులు. మబ్బు పట్టి కురిసే రాత్రి ఊరికి పండగ. టెలిస్కోప్ వాడు కూడా నలుగురిలో సంతోషించాలి, అది మర్యాద. మూడోది, బళ్ళారి దిక్కు నుంచి మబ్బొచ్చి చుక్కలన్నీ మూసి, చినుకైనా రాల్చకుండా గుత్తి వైపు పోయే రాత్రి. ఇద్దరికీ సూతకమే. జూన్, జూలైలలో ఇదే ఎక్కువ. నాలుగోది మబ్బులేని వాన. లెక్క పూర్తి కావాలని చేర్చాం.

ఇక పరికరం. డబ్బా మీద 525 రెట్లని అచ్చేస్తారు. 70 మిల్లీమీటర్ల కటకంతో 140 రెట్లు దాటితే బొమ్మ ఉబ్బుతుంది, వివరం పెరగదు. 700 మిల్లీమీటర్ల నాభ్యంతరానికి 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 28 రెట్లు. గురుడి నాలుగు చందమామలకు అది చాలు. 1610లో గెలీలియో వాటిని తొలిసారి చూసిన టెలిస్కోప్‌కు అంతకూడా లేదు. ఫైండర్‌ను పగలే దూరపు కరెంటు స్తంభం మీద సరిచేసుకోవాలి. సూర్యుడి వైపు మాత్రం తిప్పరాదు, కన్ను పోతుంది. చంద్రుణ్ణి పున్నమికి కాక అష్టమికి చూడాలి, బిలాల నీడలు అప్పుడే తేలతాయి. ఎండాకాలం మిద్దె పొద్దుపోయేదాకా వేడి కక్కుతుంది కాబట్టి శని ఉంగరం చెరువులో నీడలా వణుకుతుంది. చెరువు ఎలా ఉంటుందో గుర్తున్నవాళ్ళకే ఈ ఉపమానం.

భూభ్రమణానికి రుజువు కావాలంటే ఐపీస్ దగ్గర పెద్దాయన్ని నిలబెట్టాలి. 140 రెట్ల దగ్గర శని ఒకటిన్నర నిమిషానికి అటూ ఇటూగా అంచు దాటిపోతాడు. పెద్దాయన కండువా సర్దుకుని, కళ్ళజోడు తీసి, మూయాల్సిన కన్ను ఏదో తేల్చుకునేసరికి ఆ గడువు తీరిపోతుంది.

"ఏమీ లేదు కదప్పా!"

మళ్ళీ తిప్పి చూపిస్తే అసలు పూర్వపక్షం బయటికొస్తుంది: "ఉంగరం బాగుంది. వాన ఎప్పుడొచ్చేదీ దీంట్లో తెలుస్తుందా?"

తెలియదు. జగ్గారావు అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఇది కనిపెట్టినవాడిలా అదే వేధశాలలో వాతావరణ లెక్కలూ రాయించాడు. ఆ దారిన మన మిద్దె మీద కూడా వాన కొలిచే పాత్ర ఒకటి పెట్టడం మంచిది. ఐపీసుల మూతలు వేసుకోవడానికి పనికొస్తుంది.