ఏ వైపు చుట్టం బాబూ?

మా పెదనాన్న పొలంలోంచి హైవే పోయింది. ఎకరన్నర పోయి కోటీ ఇరవై లక్షలు వచ్చాయి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం లెక్కగట్టిన పరిహారానికి అంతకంత సొలేషియం కలుపుతారు. దీనికి ఆదాయపన్ను లేదన్న సంగతి ఆయన కంటే ముందు ఊరికి తెలిసింది. సొలేషియం అంటే ఓదార్పు సొమ్ము. ఓదార్చేవాళ్ళు వెంటనే బయల్దేరారు.

ముందుగా ఓదార్చింది బ్యాంకు. పాసుబుక్కు ప్రింటు వేయమంటే "మెషిన్ పనిచేయట్లేదు, రేపు రా" అన్న బ్రాంచే ఇప్పుడు "రండి సార్" అంది. ఏసీ గది, కుర్చీ, కాఫీ. టై కట్టుకున్న కుర్రాడొకడు వచ్చి తాను రిలేషన్‌షిప్ మేనేజర్‌నన్నాడు.

"ఏ వైపు చుట్టం బాబూ?" అన్నాడు పెదనాన్న.

ఆ చుట్టం నవ్వేసి, "ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిదే అంకుల్, ఇంకాస్త ఎక్కువొస్తుంది" అంటూ సంతకాలకు కాగితాలు జరిపాడు. ఆ కాగితాలు ఇంటికి తెస్తే నేను చదివాను. అది యులిప్, అంటే మార్కెట్‌తో ముడిపడ్డ బీమా పాలసీ. ఏటా పది లక్షల చొప్పున పదేళ్ళు కట్టాలి, మొదటి ఐదేళ్ళు పైసా బయటికి రాదు. పెదనాన్నకు ఇప్పుడు అరవై ఎనిమిది. ఆఖరి వాయిదా కట్టేనాటికి డెబ్బై ఏడు. కుర్రాడి టార్గెట్ మాత్రం మార్చి 31కే.

తర్వాత అసలు చుట్టాలు దిగారు. మేనల్లుడు హైదరాబాద్ నుంచి బ్రోచర్ తెచ్చాడు. ముప్పై అంతస్తులు, పైన స్విమ్మింగ్ పూలు, ముందే మొత్తం కట్టేస్తే సగం ధర. రెరా నంబరేదిరా అంటే "ప్రీలాంచ్ కదా మామయ్యా, అదొచ్చాక రేటు పెరిగిపోద్ది" అన్నాడు. రెరా వర్తించే ప్రాజెక్టును రిజిస్ట్రేషన్ కాకముందు అమ్మకూడదని 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం చెబుతూనే ఉంది. స్విమ్మింగ్ పూలు బొమ్మలో నీళ్ళు మాత్రం భలే నీలంగా ఉన్నాయి.

పక్క వీధి సొసైటీ ఆయన పన్నెండు శాతం ఇస్తానన్నాడు. బ్యాంకులో అయితే ఒక్కొక్కరికి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది, ఇలాంటి సొసైటీలకు అదీ లేదు. ఆ మాటే అంటే "నేనున్నాగా బీమా" అన్నాడు. ఆయన బీపీ మాత్రలు నాకు తెలుసు.

పెద్దకొడుకు ఏమీ అడగలేదు. కారు షోరూం వాళ్ళిచ్చిన కీచైన్ రోజూ డైనింగ్ టేబుల్ మీద పెట్టి పోయేవాడు.

నెల గడిచాక పెద్దమ్మ వంటింట్లోంచి ఒకే మాట అంది. "నా గాజులు బ్యాంకులోంచి విడిపిస్తారా?"

అందరం ఆ సంగతే మరిచాం. మూడేళ్ళుగా నాలుగు లక్షల బంగారు లోను, తొమ్మిది శాతం వడ్డీ. టై కుర్రాడి కంప్యూటర్లో ఆ లోను కనిపించకుండా ఉంటుందా? తీర్చెయ్యమని మాటవరసకైనా అనలేదు. అప్పు తీరిస్తే మిగిలే తొమ్మిది శాతానికి కమీషన్ ఎవరిస్తారు పాపం!

గాజులు వచ్చాయి. తర్వాత ఇద్దరూ పోస్టాఫీసుకెళ్ళి సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో తలా 30 లక్షలు వేశారు. అరవై దాటినవాళ్ళకు అదే గరిష్ఠం. ఇప్పుడున్న 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి ఒక్కొక్కరికి 61,500. వడ్డీకి పన్ను ఉంది, అది వేరే లెక్క. మిగిలింది రెండు బ్యాంకుల్లో ఎఫ్‌డీ, ఏడాదిపాటు ఎవరూ కదపకూడదని పెద్దమ్మ ఆర్డర్.

పోస్టాఫీసులో కాఫీ ఇవ్వలేదు. కుర్చీ కూడా ఖాళీ లేదు. పెదనాన్న గోడకు ఆనుకుని నిలబడే ఫారం నింపాడు.