కథ రాసుకోకండి, కెమెరా కదపకండి

మీ బడిలో ఈ ఏడు షార్ట్ ఫిల్మ్ పండుగ పెడుతున్నారంటే ఈపాటికి మీకు సలహాలు అందే ఉంటాయి. ముందు మంచి మెసేజ్ ఎంచుకోవాలి, స్క్రిప్ట్ రాసి సార్‌కు చూపించాలి, ఎవరి అన్నయ్య దగ్గరైనా పెద్ద కెమెరా ఉంటే అడిగి తెచ్చుకోవాలి, చివర్లో గుండె బరువెక్కే సంగీతం వేయాలి. నేను చాలా ఏళ్లు హైదరాబాద్ కొత్తపేటలో హైస్కూలు పిల్లలకు తెలుగు చెప్పాను, వాళ్లు తీసిన చిన్న సినిమాలు వరసపెట్టి చూశాను. నా సలహాలు వీటన్నిటికీ ఎదురు నడుస్తాయి. స్టాఫ్ రూములో చెప్పినప్పుడు తోటి టీచర్లు, ఇవి వింటే పిల్లలు చెడిపోతారన్నారు. నేను మాత్రం ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను.

మొదటిది, స్క్రిప్ట్ రాయకండి. తొమ్మిదో తరగతి పిల్లవాణ్ని తెల్లకాగితం ముందు కూర్చోబెట్టి కథ రాయమంటే వాడు ఫోన్‌లో చూసిందే రాస్తాడు. తాగుబోతు నాన్న, కుట్టుమిషన్ తొక్కే అమ్మ, వీధిదీపం కింద చదువుకునే కొడుకు, చివరికి కలెక్టర్. ఆ కలెక్టర్‌ను నేను ఎన్ని సినిమాల్లో చూశానో లెక్క లేదు. అది రాసిన పిల్లవాడి నాన్నకు చైతన్యపురిలో మొబైల్ షాపు ఉంటుంది. షట్టర్ ఎత్తేటప్పుడు ఆయన రోజూ ఒకసారి ఆగి నడుం పట్టుకుంటాడు. సినిమా అక్కడ ఉంది. కాగితం మీదికి అది రాదు, ఎందుకంటే అది కథలా కనబడదు.

1895లో ఫ్రాన్స్‌లోని లియాన్ ఊళ్లో లూమియేర్ సోదరులు తమ ఫ్యాక్టరీ గేటు ఎదురుగా కెమెరా నిలబెట్టారు. గేటు తెరుచుకుంది, పనివాళ్లు బయటికొచ్చారు, రీలు అయిపోయింది. అంతా కలిపి నిమిషం కూడా లేదు. మరుసటి ఏడాది జులై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో వాళ్ల సినిమాలు ఆడాయి. మన దేశానికి సినిమా వచ్చింది అలాంటి నిమిషంలోపు బొమ్మలతోనే. మీ బడికీ గేటుంది. సాయంత్రం లాంగ్ బెల్ కొట్టాక అవతలి వైపు ఫోన్ పెట్టి ఒక్క నిమిషం తీయండి. ఆటోలో పదకొండోవాణ్ని ఎక్కించడం, స్కూటీ మీద వచ్చిన అమ్మ టిఫిన్ బాక్స్ మూత తీసి అన్నం తిన్నాడో లేదో చూడటం, అందరూ వెళ్లాక కూడా ఎవరూ రాని ఒక చిన్నపిల్ల గేటు పట్టుకుని నిలబడటం. ప్యారిస్‌లోని సినిమాథెక్ సంస్థ బడిపిల్లలతో చేయించే మొదటి పాఠం కూడా ఇలాంటిదే: కెమెరా కదలకూడదు, ఒక్కటే షాటు, ఒక్క నిమిషం.

రెండోది, ఇంట్లో ఉన్న ఫోన్లలో అన్నిటికంటే పాతదాన్ని తీసుకోండి. అమ్మ పక్కన పడేసిన, మూలన గాజు పగిలిన ఫోనైతే మరీ మంచిది. కొత్త ఫోన్‌లో జూమ్ ఉంటుంది. జూమ్ ఉన్నవాడు రోడ్డుకు ఇవతలే ఉండిపోతాడు. పాత ఫోన్‌లో జూమ్ చేస్తే బొమ్మ చెదిరిపోతుంది కాబట్టి నడిచి దగ్గరికి వెళ్లాల్సిందే. దగ్గరికి వెళ్లినవాడు "అన్నా, తీసుకోవచ్చా?" అని అడగక తప్పదు. రోడ్డుకు అవతల బండి పెట్టుకున్న అన్న ముందు వద్దంటాడు, తర్వాత జుట్టు సర్దుకుంటాడు, ఆ తర్వాత తన పనిలో పడిపోయి మిమ్మల్ని మరిచిపోతాడు. మరిచిపోయిన క్షణం నుంచి మీ సినిమా మొదలవుతుంది. అడగడానికి భయపడే పిల్లలకు ఈ ఒక్క పని ఏడాది పాఠాల కంటే ఎక్కువ నేర్పడం నేను చూశాను.

మూడోది, మెసేజ్ వద్దేవద్దు. ఈ మాటకే నన్ను ఎక్కువగా తిట్టారు. నాకు ఎక్కువ బాధ ఉన్నదీ ఇక్కడే.

కొత్తపేట పండ్ల మార్కెట్‌ను మీలో చిన్నవాళ్లు చూసి ఉండరు. గడ్డిఅన్నారంలో 1986లో మొదలైంది, దాదాపు 22 ఎకరాలు. ఎండాకాలం వస్తే హైవే దాకా మామిడిపండ్ల వాసన. రాత్రంతా లారీలు దిగేవి. నల్లగొండ బత్తాయి గుట్టలు, గడ్డిలో పేర్చిన బేనిషాన్, వేలం పాటల కేకలు, తల మీద బుట్టతో లారీకీ షెడ్డుకీ మధ్య పరుగెత్తే హమాలీలు. 2021-22లో మార్కెట్‌ను బాటసింగారం తరలించి షెడ్లు కూల్చేశారు. 2022 ఏప్రిల్లో అక్కడ టిమ్స్ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఆసుపత్రి రావాలి, దాని మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. నా బాధ వేరు. ఆ మార్కెట్ ఉన్నన్నాళ్లూ దాని పక్క కాలనీల నుంచి బడికొచ్చిన పిల్లలు ప్లాస్టిక్ భూతం గురించి తీశారు, నీటి పొదుపు గురించి తీశారు, చెట్లు నాటాలని తీశారు. హమాలీ తువ్వాలు మడిచి తల మీద చుట్ట ఎలా పెట్టుకుంటాడో ఒక్కరూ తీయలేదు. తీయమని నేనూ చెప్పలేదు. మెసేజ్ ఉన్నవాటికే మార్కులు వేశాను. అప్పటి ఒక్క నిమిషం ఇప్పుడు ఎవరి ఫోన్‌లోనైనా దొరికితే నేను వేసిన మార్కులన్నీ వెనక్కి తీసుకుంటాను.

అందుకని త్వరలో లేకుండా పోయేదేదో వెతికి దాన్ని తీయండి. మీ గల్లీ చివర పెంకుటిల్లు, అపార్ట్‌మెంట్‌కు ఇచ్చేస్తున్న ఇంట్లో జామచెట్టు, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో అన్నలు ఖాళీ చేసి వెళ్లిన గదిలో గోడ మీద రాసి ఉన్న ఫార్ములాలు.

మెసేజ్ లేకుండా సినిమా నిలబడుతుందా అని అడిగేవాళ్లకు ఇరాన్ సంగతి చెప్తాను. అక్కడ పిల్లల కోసం 1965లో కానూన్ అనే సంస్థ పెట్టారు. అబ్బాస్ కియరోస్తమీ మొదటి చిన్న సినిమా 1970లో అందులోనే తీశాడు. దాని పేరుకు 'రొట్టె, సందు' అని అర్థం. రొట్టె పట్టుకుని ఇంటికి పోతున్న పిల్లవాడికి సందులో కుక్క అడ్డం. అంతే కథ. పిల్లవాడూ కుక్కా ఒకే షాటులో ఉండాలని కియరోస్తమీ పట్టుబట్టి, అది కుదిరేదాకా ఆగాడు. పొద్దున్నే పాలప్యాకెట్ కోసం పోయే మీకు ఆ పిల్లవాడి భయం ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆయనే 1989లో 'హోంవర్క్' తీశాడు. బడిపిల్లల్ని ఒక్కొక్కరినే కెమెరా ముందు కూర్చోబెట్టి ఇంట్లో హోంవర్క్ ఎవరు చేయిస్తారని అడిగాడు. దండన అంటే ఏమిటని అడిగితే వాళ్లు చప్పున చెప్పేశారు. మెచ్చుకోలు అంటే ఏమిటో చాలామందికి తెలియలేదు. కోచింగ్ సెంటర్ల మధ్య పెరుగుతున్న మీరు మెచ్చుకోలు గురించిన ఆ ప్రశ్నే మీ క్లాసులో అడిగి చూడండి.

సంగీతం వేయకండి. మన వైపు మెట్రో వచ్చిన 2018 సెప్టెంబరు నుంచి మన నెత్తిమీద కొన్ని నిమిషాలకోసారి రైలు పోతోంది. కింద మాట్లాడుకునేవాళ్లు దానికోసం వాక్యం మధ్యలో ఆగి, రైలు పోయాక మళ్లీ అందుకుంటారు. అష్టలక్ష్మి గుడి గంట, రైతు బజార్‌లో సాయంత్రం ధర తగ్గించే కేక, కుక్కర్ విజిల్. వీటి మీద వయొలిన్ పోస్తే మన ఊరు మాయమై ఎక్కడిదో తెలియని ఊరు మిగులుతుంది.

నటులుగా తోటి పిల్లల్ని పెట్టకండి. తెలుగులో పిల్లలు పెద్దల వేషాలు కట్టిన సినిమాలకు పెద్ద చరిత్రే ఉంది. 1936లో సి.పుల్లయ్య 'సతీ అనసూయ' అంతా పిల్లలతో తీశారు. 1997లో గుణశేఖర్ పిల్లలతో 'రామాయణం' తీస్తే జూనియర్ ఎన్టీఆర్ రాముడయ్యాడు. రెండింటిలోనూ కెమెరా వెనక ఉన్నది పెద్దలు. మీరు దాన్ని తిరగేయండి. కెమెరా వెనక మీరు, ముందు నానమ్మ. ఆమెను నటించమని అడగకండి, చింతపండు పిక్కలు తీయమనండి.

ఇక సార్లకూ మేడమ్‌లకూ. పండుగను ఫిబ్రవరిలో పెట్టండి, పదో తరగతి పరీక్షలకు నెల ముందు. ఇది విన్న తల్లిదండ్రులు నా మీదికి వస్తారని తెలుసు. కానీ చెప్పుకోవలసింది ఉండేది పిల్లలకు ఆ నెలలోనే. తెల్లవారుజామున స్టడీ అవర్‌కు లేచే అక్క, పాస్‌బుక్ ముందేసుకుని ఇంటర్ ఫీజు లెక్కేసే నాన్న, ఇంట్లో ఎవరూ టీవీ పెట్టకపోవడం. నవంబరు 14కి పెడితే టోపీలూ బెలూన్లూ వస్తాయి. ఒక్క నిమిషం తీయడానికి ఒక్క సాయంత్రం పోతుంది. ఆ సాయంత్రం వాళ్లకు ఇవ్వాలి.

బహుమతులు పెట్టకండి. మన హైదరాబాద్‌కు అంతర్జాతీయ బాలల చిత్రోత్సవం చాలాసార్లు వచ్చింది, అందులో గెలిస్తే బంగారు ఏనుగు ఇచ్చేవారు, పిల్లలు తీసిన చిత్రాలకూ లిటిల్ డైరెక్టర్స్ పేరుతో చోటిచ్చారు. 2017లో 20వ ఉత్సవం జరిగింది. దాన్ని నడిపిన చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీని 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిపేశారు. అంత పెద్ద పండుగ నడపడం బడి చేతిలో లేని పని, దాని ఏనుగూ మనకొద్దు. ఒక నిమిషానికి మొదటి స్థానం, ఇంకో నిమిషానికి మూడో స్థానం ఇవ్వడం నాకు ఏనాడూ చేతకాలేదు. బహుమతికి బదులు ప్రతి సినిమానూ రెండుసార్లు వేయండి. మొదటిసారి అందరూ ఎవరిల్లో గుర్తుపట్టడంలో ఉంటారు. రెండోసారి చూస్తారు.

ఏసీ హాలు వద్దు. కాలనీలో ఎవరిదైనా డాబా చాలు. సినిమాలో కనబడ్డ ప్రతి మనిషినీ పిలవండి: బండి అన్నను, ఆటో అన్నను, నానమ్మను. ముందు వరుస వాళ్లది. ప్రొజెక్టర్ బడిలో ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ బాక్స్ రెండు తెచ్చుకోండి, ఒకటి తప్పక పాడవుతుంది. తెర కోసం తెల్లటి డబుల్ దుప్పటి తీసుకుని పొద్దున్నే ఇస్త్రీ చేయించండి. మడతలుంటే మొహాల మీద గీతలు పడతాయి. పైన కడ్డీకీ కింద ఇటుకలకూ బిగించి కట్టండి. ఫిబ్రవరి సాయంత్రాల్లో డాబా మీద గాలి బాగా వీస్తుంది.