మొదటి అధ్యాయం జోలికి పోకండి

సాఫ్ట్‌వేర్ పుస్తకం కొనబోయేవాళ్లకి అందరూ చెప్పే మాటలు నాలుగే. కొత్త ఎడిషన్ చూసి తీసుకో, మొదటి అధ్యాయం చదివి సులువుగా ఉందో లేదో చూసుకో, రేటింగ్ ఎంతుందో చూసుకో, పెట్టిన డబ్బుకి తగ్గ లావుందో లేదో చూసుకో. ఈ నాలుగూ వద్దనే నేను చెబుతాను. తొమ్మిది వందలో పన్నెండు వందలో పోసి కొన్న పుస్తకం నలభయ్యో పేజీ దగ్గర ఆగిపోయి అలమరలో పడి ఉంటే, పోయింది ఆ డబ్బొక్కటే కాదు. ‘ఇది నా వల్ల కాదు’ అన్న మాట చదివే పిల్లల మనసులో నాటుకుపోతుంది. పుస్తకం చెడ్డదైనా తప్పు తమదేననుకుంటారు. నా బాధంతా దాని గురించే. అందుకే కింది సలహాలు తలకిందులుగా కనబడినా ఒకసారి పాటించి చూడండి.

ముందుగా, మొదటి అధ్యాయం చదవకండి. ఏ పుస్తకంలోనైనా అది బాగానే ఉంటుంది. ఎక్కువసార్లు దిద్దుకునేదీ, ప్రచురణకర్తలు నమూనాగా ఉచితంగా చూపించేదీ సాధారణంగా దాన్నే. 1978లో కెర్నిగన్, రిచీ తమ సీ భాష పుస్తకంలో ‘హలో వరల్డ్’ అని తెర మీద చూపించే బుల్లి ప్రోగ్రాంతో పాఠం మొదలుపెట్టారు. ఆ తర్వాత వచ్చిన పుస్తకాల్లో చాలావాటికి అదే ఆనవాయితీ అయింది. సాఫ్ట్‌వేర్ ఎలా ఎక్కించుకోవాలి, భాష పుట్టుపూర్వోత్తరాలేమిటి, వేరియబుల్ అంటే ఏమిటి... మొదటి పాతిక పేజీల్లో మంచి పుస్తకానికీ చెడ్డదానికీ తేడా కనబడదు.

పుస్తకాన్ని వెనక నుంచి తెరవండి. చివర ఇండెక్స్ ఉంటుంది. పుస్తకం పరీక్ష అంతా అక్కడే. అసలు ఇండెక్సే లేకపోతే అక్కడికక్కడే పెట్టేయండి. పని మధ్యలో చిక్కుపడినవాడు తన పుస్తకం దగ్గరికి తిరిగి వస్తాడని ఆ రచయితకి తట్టలేదన్నమాట.

పైథాన్ పుస్తకమే అనుకుందాం. ఇండెక్స్‌లో ‘డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్’ దగ్గరికి వెళ్లి, అక్కడిచ్చిన పేజీ తీయండి. ఒక ఫంక్షన్‌కి డిఫాల్ట్ విలువగా ఖాళీ లిస్ట్ ఇచ్చామనుకోండి. ఫంక్షన్‌ని పిలిచిన ప్రతిసారీ కొత్త ఖాళీ లిస్ట్ వస్తుందని ఎవరైనా అనుకుంటారు. రాదు. ఫంక్షన్‌ని నిర్వచించినప్పుడు ఆ లిస్ట్ ఒక్కసారే పుడుతుంది, ఆ తర్వాత ప్రతి పిలుపుకీ అదే వాడుకలో ఉంటుంది. మొదటి పిలుపులో అందులో కందిపప్పు వేసి, రెండో పిలుపులో చింతపండు వేస్తే, రెండోసారి రెండూ కనబడతాయి. కిరాణా బిల్లుల ప్రోగ్రాంలో ఈ పొరపాటు దూరితే ఒకరి సరుకు ఇంకొకరి బిల్లులోకి ఎక్కుతుంది. కంప్యూటర్ మాత్రం ఏ ఎర్రరూ చూపించదు. పైథాన్ రాసేవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు దీనికి చిక్కినవాళ్లే. ఆ పేజీలో ఈ సంగతి ఉందా? ఉంటే ఎందుకలా జరుగుతుందో విడమరిచారా, ‘ఇలా చేయకండి’ అని ఒక్క ముక్కలో దాటేశారా? విడమరిచి ఉంటే ఆ రచయిత నిజంగా పనిచేసి, దెబ్బలు తిని రాసిన మనిషి. మిగతా పుస్తకాన్ని కూడా నమ్మవచ్చు.

ప్రతి సాధనానికీ ఇలాంటి గుర్తు ఒకటి ఉంటుంది. గిట్ పుస్తకమైతే ‘రెఫ్‌లాగ్’ కోసం వెతకండి. తెలియక హార్డ్ రీసెట్ కొడితే, కమిట్ చేసిన పని కూడా మాయమైనట్టు కనబడుతుంది. దాన్ని వెనక్కి తెచ్చే దారి రెఫ్‌లాగ్. ఆ మాట లేని గిట్ పుస్తకం అన్నీ సవ్యంగా జరిగే రోజుకే పనికొస్తుంది. ఆ రోజు పుస్తకం అవసరం ఎవరికి? డేటాబేస్ పుస్తకమైతే ‘నల్’ దగ్గర ఎన్ని పేజీ నంబర్లున్నాయో చూడండి. ‘నాట్ ఇన్’ అని రాసిన జాబితాలో ఒక్క నల్ దూరితే చాలు, క్వెరీ ఒక్క వరస కూడా ఇవ్వదు. ఎర్రరూ రాదు. ఆ ముక్క చెప్పని ఎస్‌క్యూఎల్ పుస్తకాన్ని నేనెవరికీ కొనమని చెప్పను.

సీ భాష సంగతికొస్తే ఇంకా కచ్చితంగా ఉంటాను. కీబోర్డు నుంచి ఒక లైను చదవడానికి ‘గెట్స్’ అనే ఫంక్షన్ ఉండేది. ఎంత పొడుగు లైను వచ్చినా, ఇచ్చిన జాగా చాలినా చాలకపోయినా అది రాసుకుంటూ పోతుంది. 1988 నవంబరులో ఇంటర్నెట్‌ని అతలాకుతలం చేసిన మోరిస్ వర్మ్ వాడుకున్న దారుల్లో ఈ లోపం ఒకటి. 2011 నాటి సీ ప్రమాణంలో గెట్స్‌ని పూర్తిగా తీసేశారు. ఇంత జరిగినా, హెచ్చరిక ఒక్కటి లేకుండా దాన్ని నేర్పే గైడ్లు మన షాపుల్లో ఇంకా దొరుకుతున్నాయి. వాటిలోనే మెయిన్ ఫంక్షన్ ముందు ‘వాయిడ్’ అని, తెర తుడవడానికి ‘సీఎల్ఆర్ఎస్‌సీఆర్’ అని కూడా కనబడతాయి. ఇవి టర్బో సీ రోజుల అలవాట్లు, భాషా ప్రమాణంలోవి కావు. మంచి మార్కులతో పాసైన పిల్లలు ఉద్యోగంలో చేరాక ఈ అలవాట్లన్నీ వదిలించుకోవాల్సి రావడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. షాపులో నిలబడి గెట్స్ పేజీ ఒక్కటి తీసి చూస్తే ఆ తిప్పలు చాలావరకు తప్పుతాయి.

రెండో సలహా. తప్పొప్పుల పట్టిక పొడుగ్గా ఉన్న పుస్తకం కొనండి. పట్టిక చిన్నదైతే మంచిదనుకోవడం సహజం. కానీ ఐదారొందల పేజీల సాంకేతిక పుస్తకంలో తప్పులు లేకుండా ఉండవు. పట్టికే లేదంటే ఎవరూ చదివి దిద్ది ఉండరు, లేదా చదివినవాళ్లు చెప్పినా రచయిత పట్టించుకుని ఉండరు. డొనాల్డ్ కనూత్ ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ మొదటి సంపుటం 1968లో వచ్చింది. ఆ పుస్తకంలో తప్పు పట్టుకున్నవాళ్లకి ఆయన 2.56 డాలర్ల చెక్కు పంపేవారు. పదహారు ఆధారంగా లెక్కపెట్టే పద్ధతిలో వంద అని రాస్తే దాని విలువ 256, అందుకే ఆ మొత్తం. చాలామంది ఆ చెక్కుని బ్యాంకులో వేయకుండా ఫ్రేం కట్టించుకున్నారు. 2008 నుంచి ఆయన చెక్కులకి బదులు ఒక ఊహాబ్యాంకు పేరిట ధ్రువపత్రాలు ఇస్తున్నారు. తన తప్పు చూపించినవాడికి డబ్బిచ్చే రచయిత పుస్తకం ఎంత గట్టిదో ఊహించుకోండి.

పట్టిక దొరికితే అందులో ఎలాంటి తప్పులున్నాయో కూడా చూడండి. అక్షరదోషాలూ, బొమ్మ నంబరు మారడాలూ ఎన్నున్నా ఫరవాలేదు. ‘ఈ ప్రోగ్రాం నడవదు, దీని బదులు ఇది వాడండి’ అన్నవి వరసగా ఉంటే మాత్రం, రచయిత తన ఉదాహరణల్ని తానే నడిపి చూసుకోలేదని అర్థం. అప్పుడు వదిలేయండి.

మూడోది చెబితే షాపువాళ్లు కూడా ఆశ్చర్యపోతారు. చదవగానే అర్థమైపోయే పుస్తకం కొనకండి. మధ్యలో ఒక పేజీ తీసి నిదానంగా చదవండి. అంతా తెలిసిందే అనిపిస్తే దానికి డబ్బెందుకు? సగం తెలిసి, సగం దగ్గర ఆగి ఆలోచించాల్సి వస్తే అది మీ పుస్తకం. అయితే విషయం కష్టమై అర్థం కాకపోవడం వేరు, రాత చెడ్డదై అర్థం కాకపోవడం వేరు. తేడా పట్టడం సులువే. కష్టమైన పేరా తర్వాత అంకెలు వేసి నడిపిన ఉదాహరణ ఉందేమో చూడండి. ఉంటే ఆ కష్టం విషయానిది. కష్టమైన పేరా తర్వాత ఇంకో కష్టమైన పేరా, ఆ తర్వాత ఇంకోటి ఉంటే ఆ రచయితకే సంగతి తెలియదు.

తెలుగు మీడియంలో చదువుకుని వచ్చినవాళ్లకి ఈ మాట మరీ మరీ చెప్పాలనిపిస్తుంది. ఇంగ్లీషుకి జంకి సులువుగా కనబడే ఆల్ ఇన్ వన్ గైడు వైపు చెయ్యి పోతుంది. కానీ అందులోని ఇంగ్లీషే నిజానికి కష్టం. నిర్వచనాలు బట్టీ పట్టడానికి వీలుగా పేర్చిన బరువైన వాక్యాలు అవి. కెర్నిగన్, రిచీల వాక్యాలు పొట్టివి, మాటలు మామూలువి. విషయం లోతుగా ఉన్నా భాష అడ్డురాదు. పది పేజీలు ఓపిక పడితే ఆ పుస్తకంలో వాడే మాటలు చాలావరకు అలవాటైపోతాయి.

సమాధానాలు లేని లెక్కలున్నాయని కూడా భయపడకండి. కనూత్ తన లెక్కలకి సున్నా నుంచి యాభై దాకా కష్టాన్ని బట్టి అంకె వేశారు. యాభై అంటే అప్పటికి లోకంలో ఎవరూ తేల్చనిది. ఫెర్మా చివరి సిద్ధాంతానికి మొదట యాభై వేసి, ఆండ్రూ వైల్స్ నిరూపించాక నలభై అయిదుకి దించారు. ఏది ఎంత కష్టమో దాచకుండా చెప్పే పుస్తకం చదివేవాళ్లని గౌరవిస్తుంది.

లావు చూసి మోసపోకండి. కెర్నిగన్, రిచీల పుస్తకం మొదటి ఎడిషన్ 228 పేజీలు, 1988లో వచ్చిన రెండోది 272. అంతలోనే భాష మొత్తం ఇమిడింది. వెయ్యి పేజీల పుస్తకంలో సగం తెర బొమ్మలే అయితే, సాఫ్ట్‌వేర్‌కి వచ్చే అప్‌డేట్‌తో ఆ బటన్లన్నీ చోటు మారతాయి. ఇంట్లో పెద్దవాళ్లు డబ్బిచ్చేటప్పుడు లావుపాటి పుస్తకం చూస్తే సంతోషిస్తారు. వాళ్లకి ఇది నచ్చజెప్పే బాధ్యత మీదే. ఇక 24 గంటల్లో, 21 రోజుల్లో అని అట్ట మీద గడువు వేసిన పుస్తకాలని తెరవను కూడా తెరవకండి.

పాతవి కొనండి. హైదరాబాద్‌లో ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంట్ మీద, కోఠీలో, విజయవాడ లెనిన్ సెంటర్‌లో దొరికే సెకండ్ హ్యాండ్ పుస్తకాల్లో వెతకండి. రిచర్డ్ స్టీవెన్స్ ‘టీసీపీ/ఐపీ ఇలస్ట్రేటెడ్’ మొదటి సంపుటం 1994 నాటిది. నెట్‌వర్క్ మీద ప్రయాణించే ప్యాకెట్లని పట్టి, ఒక్కోటీ ముందు పెట్టి చూపించి పాఠం చెప్పారాయన. రెండు కంప్యూటర్లు మాట కలిపే త్రీ వే హ్యాండ్‌షేక్ ఇవాళ్టికీ అదే. 1970లో కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ పద్ధతి మీదే ఇప్పటి బ్యాంకు ఖాతాల డేటాబేసులు కూడా నడుస్తున్నాయి. పునాదుల గురించి రాసిన పుస్తకం ఇరవై ఏళ్లయినా వాడుకలో ఉందంటే దాన్ని మించిన సిఫార్సు లేదు. పాత బియ్యానికి ధర ఎక్కువ పలికినట్టే దీనికీ పలకాలి, కానీ పేవ్‌మెంట్ మీద వంద రెండొందలకే దొరుకుతోంది.

ఒక్క జాగ్రత్త. పైథాన్ పుస్తకంలో ‘ప్రింట్’ పక్కన బ్రాకెట్లు లేకపోతే అది పైథాన్ 2 కాలం నాటిది. 2020 జనవరి 1తో దాని కథ ముగిసింది. కింద పెట్టేయండి. ఫ్రేమ్‌వర్కులకైతే పాతదీ వద్దు, కొత్తదీ వద్దు. యాంగ్యులర్‌జేఎస్ మీద జనం ఎన్నో పుస్తకాలు కొనుక్కున్నారు. 2016లో యాంగ్యులర్ 2 మొత్తం మొదటినుంచి తిరగరాసి వచ్చేసరికి ఆ పుస్తకాల్లోది కొత్తదానికి చాలావరకు పనికిరాకుండా పోయింది. ఫ్రేమ్‌వర్క్ తయారుచేసినవాళ్లే డాక్యుమెంటేషన్ ఉచితంగా ఇస్తున్నారు, అది చాలు.

ఉచితం అంటే గుర్తొచ్చింది. ఉచితంగా చదవడానికి దొరికే పుస్తకాన్నే డబ్బిచ్చి కొనండి. గిట్ మీద స్కాట్ చాకన్, బెన్ స్ట్రాబ్ రాసిన ‘ప్రో గిట్’, రస్ట్ భాష అధికారిక పుస్తకం, అల్ స్వైగార్ట్ ‘ఆటోమేట్ ది బోరింగ్ స్టఫ్ విత్ పైథాన్’... వీటిని రచయితలే నెట్‌లో అందరి ముందూ పెట్టారు. కావలసినన్ని రోజులు చదివి, ఉదాహరణలన్నీ నడిపి చూసి, అప్పుడు కొనవచ్చు. ఇంతకన్నా భరోసా ఉన్న కొనుగోలు ఏముంటుంది? పైగా తాళం వేయకుండా పుస్తకం ఇచ్చిన రచయితకి మన వంతుగా నాలుగు రూపాయలు అందుతాయి. అమీర్‌పేటలో జిరాక్స్ కట్టలకి పెట్టే డబ్బుతో ఇలాంటిది ఒకటి కొనుక్కోవచ్చు.

రేటింగుల్లో ఐదు నక్షత్రాలు ఇచ్చినవాళ్లని వదిలేసి, ఒక్కటే ఇచ్చినవాళ్ల మాటలు చదవండి. ‘థియరీ మరీ ఎక్కువ’, ‘సమాధానాలు ఇవ్వలేదు’ అని తిట్టారా, కొనండి. ‘కోడ్ నడవడం లేదు’ అని ముగ్గురు నలుగురు రాశారా, వద్దు.

ఆఖరుగా కాపీరైటు పేజీ. భారత ఉపఖండంలో అమ్మకానికి మాత్రమే అని ముద్రించిన చవక ప్రతులు మనకి పెద్ద వరం. విదేశీ ధరలో చిన్న వంతుకే అదే పుస్తకం దొరుకుతుంది. కాకపోతే ఏ ఎడిషన్‌ని తిరిగి ముద్రించారో చూసుకోండి, ముద్రణ సంవత్సరానికీ ఎడిషన్ సంవత్సరానికీ తేడా ఉండవచ్చు. రంగుల సంగతి కూడా చూడాలి. రంగుల్లో వేసిన పుస్తకం కొన్నిసార్లు ఇక్కడ నలుపు తెలుపుల్లో వస్తుంది. మామూలు కోడ్ పుస్తకానికి దానివల్ల నష్టం లేదు. గ్రాఫులు గీయడం నేర్పే పుస్తకంలో మాత్రం ‘ఎర్ర గీతని నీలం గీతతో పోల్చండి’ అని రాసి ఉంటే, పేజీలో రెండూ బూడిద రంగులోనే ఉంటాయి. అలాంటి పుస్తకం ఒక్కదానికి ఈ-బుక్ తీసుకోండి.