ఏడాది హద్దు గారికి బహిరంగ లేఖ

ఏడాది హద్దు గారికి,

కాలిఫోర్నియా ప్రభుత్వ బీమా మెడి-కాల్‌లో తమరు 2022 జనవరి 1 నుంచి కొలువుదీరారు. తమరు వచ్చిన చట్టం మంచిదే, కాదనను. ఐసీయూలో ప్రాణాల మీదికొచ్చిన బిడ్డ జన్యుక్రమం మొత్తాన్ని రోజుల్లోనే చదివే పరీక్షకు ప్రభుత్వమే డబ్బు కడుతుంది. పోల్చిచూడటానికి అమ్మానాన్నల రక్తం తీస్తే దానికీ కడుతుంది. కాకపోతే గుమ్మం దగ్గర తమరున్నారు. వయసు ఏడాది, అంతకన్నా తక్కువ అయితేనే లోపలికి.

తమ పుట్టుపూర్వోత్తరాలు తెలియనివి కావు. 2018లో ఆ రాష్ట్రం 20 లక్షల డాలర్లిచ్చి ‘ప్రాజెక్ట్ బేబీ బేర్’ మొదలుపెట్టింది. అయిదు ఆసుపత్రులు, 178 మంది పసివాళ్లు. 76 మందికి జబ్బేదో తేలింది, 55 మందికి వైద్యం మారింది. 11 పెద్ద ఆపరేషన్లు తప్పాయి. ఆదా అయిన సొమ్ము 25 లక్షల డాలర్లు, అంటే పెట్టినదానికన్నా ఎక్కువే. ఆ పథకంలో చేర్చుకున్నది మాత్రం ఏడాదిలోపు పిల్లలనే. ప్రయోగమన్నాక ఎక్కడో ఒకచోట గీత గీసుకోక తప్పదు. ఆ గీతతో చట్టానికేం పని?

శాన్ డియేగోలోని రేడీ పిల్లల ఆసుపత్రికి 5 వారాల బాబును తెచ్చారు. ఎంతకీ ఊరుకోని ఏడుపు. స్కాన్ తీస్తే మెదడులో తేడా కనిపించింది. పదేళ్ల కిందట ఇవే లక్షణాలతో ఆ దంపతుల బిడ్డ ఒకరు పోయారు, కారణం తెలియకుండానే. భార్యాభర్తలు దగ్గరి చుట్టాలు. (మేనరికాలు ఎరిగిన మనకు డాక్టర్లు ఈ సంగతి ఎందుకు అడుగుతారో విడమరిచి చెప్పక్కర్లేదు.) పరీక్ష మొదలుపెట్టిన పదమూడున్నర గంటల్లో జవాబొచ్చింది: థయమిన్‌ను కణాల్లోకి చేర్చే జన్యువులో లోపం. మందు థయమిన్, బయోటిన్. రెండు విటమిన్లు! అవి పడిన కొన్ని గంటలకే బాబు తేరుకుని పాలు తాగాడు. 2021లో వైద్య పత్రికలో వచ్చిన ఉదంతమిది.

ఇప్పుడు అసలు సంగతి. అదే జన్యువు చెడినప్పుడు జబ్బు ఎక్కువగా బయటపడేది 3 నుంచి 10 ఏళ్ల మధ్య. మామూలు జ్వరమే అనుకుంటుండగా నడక తూలుతుంది, మాట తడబడుతుంది, ఫిట్స్ వస్తాయి. ఆ విటమిన్లే వాళ్లకూ మందు, అదీ వేళకు పడితేనే. అలాంటి 5 ఏళ్ల పాపను ఐసీయూలో చేర్చిన తండ్రికి ఆ చట్టంలో హామీ లేదు. విడిగా అనుమతి అడిగి, ఇస్తారో ఇవ్వరో అని ఎదురు చూడాలి.

పెద్ద పిల్లలందరికీ చేస్తే డబ్బు దండగ అంటారా? అందరికీ అని ఎవరన్నారు? షరతు పెట్టాలంటే జబ్బు లక్షణాలకు పెట్టండి. ఇంగ్లండ్‌లో 2019 అక్టోబరు నుంచి ఎక్సెటర్ ప్రయోగశాల జాతీయ ఆరోగ్య సేవ కింద ఇలాంటి పరీక్షలు వేగంగా చేస్తోంది. అక్కడ చూసేది బిడ్డ పరిస్థితి ఎంత విషమంగా ఉంది, ఒక జన్యువు లోపమే కారణమయ్యే అవకాశం ఉందా అన్నది. పుట్టినరోజు ఎప్పుడన్నది కాదు.

కనుక తమరు తప్పుకోవాలి. తమంతట తాము కదలరని తెలుసు. కాలిఫోర్నియాలో ఓటున్న తెలుగువాళ్లారా, మీ అసెంబ్లీ సభ్యులకు ఒక ఉత్తరం రాయండి. ‘ఏడాది’ కొట్టేసి ‘18 ఏళ్లలోపు’ అని దిద్దమనండి.