పేర్లు పోగొట్టుకున్న పట్టిక

నేను భారతదేశపు ఇన్‌పుట్-ఔట్‌పుట్ పట్టికని. ఏ పరిశ్రమ తన సరుకు తయారీకి ఏయే రంగాల నుంచి ఎంతెంత కొన్నదో నన్ను చూస్తే తెలుస్తుంది. ఈ పద్ధతికి రూపమిచ్చిన వాసిలీ లియోంటీఫ్‌కి 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. మన కేంద్ర గణాంక సంస్థ మొదటి అధికారిక పట్టికను 1968-69కి వేసింది. నాది 2007-08. నాలో 130 రంగాలు.

నా సిమెంటు నిలువు వరుస వెంట దిగితే సున్నపురాయి, బొగ్గు, కరెంటు, లారీ రవాణా కనబడతాయి. మాచర్ల సిమెంటు ఫ్యాక్టరీనీ, పిడుగురాళ్ల సున్నం బట్టీలనూ చూస్తూ పెరిగిన పిల్లలకి ఇది కొత్త సంగతి కాదు. సున్నపురాయికి, పత్తికి నాలో సొంత అడ్డు వరుసలున్నాయి. మిర్చికి లేదు, వేరే పంటల్లో కలిసిపోయింది. పల్నాటివాళ్లు నన్ను తెరవగానే వెతికేది దాన్నే. ఆ లోటు నాకూ బాధే.

పాఠాల కోసం నన్ను కుదించి నమూనా చేశారు. పెన్‌డ్రైవ్‌లు మారుతూ నరసరావుపేటలో ఒక కళాశాల కంప్యూటర్‌కి చేరేసరికి నా శీర్షిక వరుస ఊడిపోయింది. ఆర్ సాఫ్ట్‌వేర్ నా నిలువు వరుసలకి వీ1, వీ2 అని తనకు తోచిన పేర్లు పెట్టింది. ఇక సిమెంటేదో, ఎరువులేవో ఎవరికి తెలుస్తుంది? లక్షల రూపాయల్లో ఉన్న అంకెలను కోట్లుగా చదివారు. చివరనున్న మొత్తాలను మరో రంగమనుకుని విలోమ మాత్రిక కట్టారు. జవాబు వచ్చింది, తప్పుడు జవాబు. నా అంకెలే పనికిరావని తేల్చి ఏదో ఫోల్డర్‌లో పడేశారు. ఆ తర్వాత నన్ను తెరిచినవాళ్లు లేరు. ఇంతలో 2011-12 నుంచి సరఫరా-వినియోగ పట్టికలు వచ్చాయి, 140 ఉత్పత్తులు, 66 పరిశ్రమలతో. నేను పాతబడ్డాను. వయసు మీరినందుకు బాధ లేదు. నాలో తప్పు లేకుండానే తప్పులకుప్ప అనిపించుకున్నాను, అదే మింగుడుపడదు.

నాకు కరువైంది ఒక్క వివరణ పేజీ. ఆర్ ప్యాకేజీలో డేటాతోపాటు అలాంటి పేజీ పెట్టుకునే వీలు ఎప్పటినుంచో ఉంది. ఏ సంవత్సరం లెక్క, ఎవరు వేశారు, ఏ రంగాలను కలిపి కుదించారు, విలువల్లో పరోక్ష పన్నులు కలిశాయా లేదా అన్నవి అందులో రాస్తే చాలు. మిర్చి ఎందులో కలిసిందో కూడా రాయాలి. ఇవి దేశం మొత్తానికి వేసిన లెక్కలు, మాచర్ల ఫ్యాక్టరీవి కావని మరీ స్పష్టంగా రాయాలి.

నన్ను ఇంకొకరికి పంపే ముందు ఆ పేజీ రాసి, నాతోపాటే పంపండి.