మా ఇంటి ఎలివేషన్

మా ఇంటి ఎలివేషన్ అంటే నాకు మొదటినుంచీ గర్వమే. హ్యూస్టన్ శివార్లలో ఈ ఇల్లు చూసినప్పుడు, ముందున్న రెండు రాతి స్తంభాలకే పడిపోయి, బేరమైనా ఆడకుండా సరేనన్నాను. అందుకే ఇన్సూరెన్సు ఏజెంటు ఫోన్ చేసి "ఎలివేషన్ సర్టిఫికెట్ ఏమైనా ఉందా?" అని అడిగితే ఒళ్లు పొంగిపోయింది. ఆ శనివారం గ్యారేజీ తలుపుకు రంగేసి, పచ్చిక కత్తిరించి, సాయంత్రపుటెండలో పన్నెండు ఫొటోలు తీసి పంపాను.

"ఇల్లు చాలా బాగుంది, కానీ నేనడిగింది ఎంత ఎత్తున ఉందని" అందావిడ. పాపం, మర్యాదస్థురాలు.

మనకు ఎలివేషనంటే ఇంటి ముఖం. సినిమాలోనైతే హీరో నడిచొస్తుంటే వెనక మోగే డప్పులు. ఇక్కడ అది అడుగుల లెక్క. ఏ ఏడాదైనా వచ్చేందుకు నూటికి ఒక వంతు అవకాశమున్న వరద ఎంతవరకు లేస్తుందో ఇక్కడి విపత్తుల సంస్థ ఫెమా వాళ్లు మ్యాపుల్లో రాసి పెట్టారు. దాని పేరు బేస్ ఫ్లడ్ ఎలివేషన్. మా వీధికి 78 అడుగులు. జనం దాన్నే వందేళ్ల వరద అంటారు. ఆ మాట వినగానే నేను కాస్తా లెక్కల మాస్టారినైపోయాను. "2017లో హార్వీ తుఫాను వచ్చేసింది కదా, ఇంక 2117 దాకా మనకు ఢోకా లేదు" అని మా ఆవిడకు హామీ ఇచ్చాను.

"ముప్పై ఏళ్ల హోమ్ లోన్ తీరేలోపు ఒక్కసారైనా ఆ వరద వచ్చే అవకాశం నూటికి 26 వంతులటండీ. ఇక్కడే ఉంది, చదవండి" అంది.

మా అత్తగారు అప్పుడు మా ఇంట్లోనే ఉన్నారు. ఆవిడది కోనసీమలో లంక గ్రామం. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 53 అయితే మూడోది, 1986లో 75.6 వచ్చింది. ఇవన్నీ ఆవిడకు మనవల పుట్టినరోజులకన్నా బాగా గుర్తు. "మా ఇంటి గోడమీద ఎనభై ఆరు నీళ్ల గీత ఉంది. మాకదే సర్టిఫికెట్టు. మీ గీత ఎక్కడ అల్లుడుగారూ?" అన్నారు. నేను స్తంభాల వైపు చూశాను.

650 డాలర్లకు లైసెన్సున్న సర్వేయరు కుదిరాడు. పెళ్లివారికి ఇల్లు చూపించినట్టు ఆయన వెంట తిరిగాను. స్తంభాల వైపు ఆయన కన్నెత్తి చూడలేదు. ఇంట్లో నేల, బయట ఏసీ యూనిట్ అడుగుభాగం, ఇంటిని ఆనుకుని ఉన్న మట్టి, ఇవే కావాలట. "గోడను తాకే నేలలో బాగా పల్లపు చోటు ఎక్కడ?" అన్నాడు. చూపించింది నేనే, అదీ సంబరంగా. నీళ్లు నిలవాలని గోడవారనే స్వహస్తాలతో తవ్వుకున్న నా గోంగూర మడి! కొలత కర్ర తీసుకెళ్లి సరిగ్గా అక్కడే ఆనించాడు.

కాగితం వచ్చింది. ఇంట్లో నేల 79.2, బాగానే ఉంది. మడి దగ్గర 77.7. ఆ పల్లం 78కి తగ్గకుండా ఉంటే, మా ఇల్లు వరద జోన్‌లో లేదని ఉత్తరం ఇమ్మని ఫెమాను అడగొచ్చు. దానికి ఫెమా రుసుం కూడా తీసుకోదు. ఆ ఉత్తరం చూపిస్తే వరద బీమా తప్పనిసరన్న షరతు బ్యాంకు వదులుకునే వీలుంది. నాలుగంగుళాలు కూడా లేని తేడాతో నేను ఫెయిలయ్యాను.

అప్పుడు మా ఆవిడ చేసిన పని, నెల క్రితం నేను చేయాల్సింది. సిటీలో వరద మ్యాపులు చూసే ఆఫీసుకు ఫోన్ చేసింది. రెండు రోజుల్లో ఈమెయిల్లో వచ్చింది, బిల్డరు ఇల్లు కట్టినప్పుడే దాఖలు చేసిన సర్టిఫికెట్! పైసా ఖర్చు లేదు. అందులో నేల 79.2, పల్లం 78.1. అంటే నేను పార పట్టేదాకా ఇల్లు గట్టునే ఉంది. ఆ రెండు కాగితాల మధ్య ఉన్న దాదాపు ఐదంగుళాలూ నేనే.

"పాతదే పంపేస్తే?" అన్నాను గొంతు తగ్గించి. మా ఆవిడ చూసిన చూపు ఏ కొలత కర్రతో కొలిచినా ప్రమాద హెచ్చరికే. పోనీ మట్టి పోసి పూడ్చేద్దామంటే, పోసిన మట్టికి దరఖాస్తు వేరు, దానికి రుసుమూ ఉందన్నాడు సర్వేయరు.

ఇంకో సంగతి ఏజెంటు తర్వాత చెప్పింది. 2021 అక్టోబరులో రేట్ల పద్ధతి మారినప్పటినుంచి ప్రీమియం లెక్కకట్టడానికి ఈ సర్టిఫికెట్ తప్పనిసరే కాదట. ఇస్తే, మనకు లాభమైతేనే లెక్కలోకి తీసుకుంటారట. నేల ఎత్తు చూపించినందుకు మాకు కొద్దిగా తగ్గింది కూడా. ఆ తగ్గింపుతో 650 డాలర్లు ఎన్నేళ్లకు తిరిగొస్తాయో లెక్కేయబోతే, లెక్కలు ఇక వద్దంది మా ఆవిడ.

మొన్న ఆ మడి గోంగూరతోనే అత్తగారు పచ్చడి నూరారు. పులుపు అదిరింది. కాబట్టి అయ్యా, అమ్మా, ఈ దేశంలో గోడవారన గోంగూర వేసేముందు మీ సిటీ ఆఫీసుకు ఒక్క ఫోన్ చేయండి.